గోడకు తగిలించిన హెరాల్డు

మొన్న పొద్దున కాఫీ తాగతా ఫోన్లో ఒక ప్రకటన చూసినాను. హెరాల్డు కారు ముందు మూత అమ్మబడును. కారు కాదు, మూత ఒక్కటే. చిలుం పట్టి, ఒక పక్క సొట్టబడి, ఎవరి పెరట్లోనో కోళ్ళు ఎక్కి కూర్చున్న గుర్తులు కూడా ఫోటోలో కనపడతా ఉండాయి. దాని ధర చదివేసరికి కాఫీ పొలమారింది నాకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ డబ్బుకి బండ్లే మూడు వచ్చేవి, తోలేదానికి ముగ్గురు డ్రైవర్లతో సహా. "చిలుముకి ఇంత రేటా, దీని మొహం మండ!" అని గట్టిగానే తిట్టినాను. వంటింట్లో నుంచి మా ఆయన "ఎవరినే?" అన్నాడు.

ఎవరినని చెప్పేది? ఆ ప్రకటన కింద ఒకాయన అరవంలో రాసిండాడు. రాయపురంలో ఐసు ఫ్యాక్టరీలో పనంట. వాళ్ళ నాయన బండంట. అంతా ఉండాది, ముందు మూత ఒక్కటే లేదు, కొంచెం చూసి చెప్పండి సార్ అని. దాని కింద అమ్మేవాడు రెండే మాటలు పెట్టినాడు. బేరం లేదు.

ఆ రెండు మాటలు చూసినప్పటి నుంచి చూలై మామ నా తల్లోనే కూర్చోనుండాడు. ఆయన పోయి ఏడాది దాటింది. బతికుంటే ఆ ఫోటో చూసి ఏమనేవాడో నాకు బాగా తెలుసు. ధర సంగతి ఎత్తేవాడు కాదు. "కోళ్ళని ఎందుకు ఎక్కనిచ్చినారు పాపా?" అనేవాడు.

మామ అంటే చుట్టం కాదు. చూలైలో ఆయనకి టింకరింగు షెడ్డు ఉండింది. గుద్దుకున్న బండ్ల రేకు సొట్టలు తీసి, తిరిగి సాపు చేసే పని. మా నాయన పెరంబూరు రైలు వర్కుషాపులో ఫిట్టరు. ఇద్దరూ ఈ అరవ ఊర్లో తాతల కాలం నుంచి ఉండే తెలుగోళ్ళు, ఇద్దరికీ ఇనుమంటే పిచ్చి. బావా బావా అని పిలుచుకునేదానికి అది చాలదా? అట్ల ఆయన నాకు మామ అయినాడు. నేను పావడా కట్టుకోని నాయన చెయ్యి పట్టుకోని పోయిన నాడు ఎట్ల పిలిచినాడో, యాభై ఏడేండ్లు వచ్చి, షుగరు మాత్రల డబ్బా సంచీలో వేసుకోని పోయిన నాడూ అట్లనే పిలిచినాడు. "రా పాపా."

సన్నగా ఉండే మనిషి. మోకాళ్ళ దాకా ఎగగట్టిన లుంగీ, చిల్లుల బనియను, రెండు చెవుల్లో దూది. రేకు మీద సుత్తి దెబ్బలు వినీ వినీ చెవులు సగం పోయినాయి. ఉండే సగాన్ని కాపాడుకునేదానికి దూది అనేవాడు. ఆయనతో ఏదైనా చెప్పాలంటే వీధంతా వినపడేటట్టు అరవాల్సిందే, కాబట్టి ఆ షెడ్డులో రహస్యాలు ఉండేవి కావు. చెవులు పోతే ఏమి, చేతులు వినేవి ఆయనకి. బండి వచ్చిందంటే ముందు కండ్లు మూసుకునేవాడు. అరచెయ్యి రేకు మీద ఆనించి, బిడ్డకి జ్వరం చూసినట్టు మెల్లగా జరుపుకుంటా పోయేవాడు. ఒక చోట ఆగి, "ఈడ ఎవుడో లప్పం పెట్టి ఏమార్చినాడు" అనేవాడు. లేదు లేదని బండి ఓనరు దేవుడి మీద ప్రమాణాలు చేసేవాడు. మామ సుత్తి కొనతో ఒక్క తట్టు తట్టేవాడు. అరచేతంత పెచ్చు ఊడి కిందబడేది, దాని వెనక చిలుం.

"కన్ను చూసేది రంగుని. రేకుని చూసేది చెయ్యి" అనేవాడు. లప్పం డబ్బా ఆ షెడ్డు గడప తొక్కింది లేదు.

ఆయనకి ఇంకో పట్టుదల ఉండింది. ఏ బండినీ ఇంజను ఆన్ చేసి లోపలికి తేనిచ్చేవాడు కాదు. వీధిలోనే ఆపించి, నలుగుర్ని పిలిచి, తోయించేవాడు. "ఇంజను శబ్దంలో రేకు మాట వినపడదు" అని పెద్ద కారణం చెప్పేవాడు. చెవుల్లో దూది పెట్టుకోని ఆ మాట చెప్తా ఉంటే ఎవరికీ నగు రాలేదంటే, చెప్పే తీరు అట్లాంటిది.

సొంతానికి ఆయనకి సైకిలు కూడా లేదు. "ఊరందరి బండ్లు బాగుచేస్తావు, నీకొక బండి లేదేమి మామా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

"పెండ్లి చేసే అయ్యవారికి ప్రతి పెండ్లికీ ఒక పెండ్లికూతురు కావాలంటే ఎట్ల పాపా?" అనేవాడు.

అని, గోడ వైపు చూసేవాడు. ఎందుకంటే బండి లేదనేది పూర్తిగా నిజం కాదు. ఆయన బండి గోడ మీద ఉండింది.

హెరాల్డు ఈ ఊరి బిడ్డ. వండలూరు దారిలో ఫ్యాక్టరీ ఉండేది, ఆడ పుట్టిన బండి. ఒక కాలంలో మాస్టర్లు, కాంపౌండర్లు, మా నాయన మాదిరి వర్కుషాపు జనాలు సెకండు హ్యాండులో కొనుక్కునేది. తర్వాత చిన్న కార్లు కొత్తవి వచ్చి, దీన్ని పట్టించుకునే నాథుడు లేకపోయినాడు. పాత ఇనుము అంగళ్ళలో తూకానికి వేసేసినారు. మామ ఆ అంగళ్ళ చుట్టూ తిరిగి ఒక తలుపు, ఒక డిక్కీ, ఒక టాపు, దొరికింది దొరికినట్టు తెచ్చి గోడకి మేకులు కొట్టి తగిలించేవాడు. ఆ బండి ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ బోల్టులతో బిగించేదానికి వచ్చే బండి, అది ఆయనకి కలిసొచ్చింది. ఫ్రేము దాని ఆర్సీ బుక్కుతో సహా దొరికింది, దాన్ని వెనక గోడకి నిలబెట్టినాడు. ఇంజను రాయపురంలో చేపల పెట్టెలు లాగే ఏదో నాటు బండికి తగిలించి ఉంటే విడిపించుకోని వచ్చినాడు. దాన్ని ఎంత కడిగినా చేపల వాసన పోలేదు.

"పూర్తి బండే కొనుక్కోవచ్చు కద మామా, చవగ్గా వస్తా ఉంటే?" అని అడిగినాను ఒకసారి.

"యాడ నిలబెట్టేది? షెడ్డులో ఒక బండికే చోటు. ఆడ నా బండి నిలబడితే కస్టమరు బండి యాడ నిలబడేది? అన్నం ఎవరు పెడతారు, మీ అత్తా?"

అత్త, అంటే ఆయన భార్య, షెడ్డు వెనక ఉండే ఒంటి గదిలో నుంచి, "నేను పెట్టేదే తింటా ఉండావు ఇన్నేండ్లూ!" అని అరిచేది. వంటింటి గోడకి కూడా రెండు తలుపులు తగిలించి ఉండినాయి, ఆ కోపం ఆమెకి.

ఇంగ ఆయుధ పూజ దినం ఆ షెడ్డు చూడాల. ఈ ఊర్లో ఆ దినం సుత్తికీ స్పానరుకీ అన్నిటికీ బొట్టే, బండ్లకి అరటి పిలకలు, పూలదండలు, చక్రాల కింద నిమ్మకాయలు. మామ ముందు దినమే కస్టమర్ల బండ్లన్నీ పంపించేసి షెడ్డు కడిగేవాడు. పూజ దినం పొద్దున్నే గోడ మీది ముక్కలన్నీ దించి, నేల మీద బండి ఆకారంలో పరిచేవాడు. తలుపులు తలుపుల చోట, డిక్కీ డిక్కీ చోట, నాలుగు చక్రాలు నాలుగు మూలలా. ముక్క లేని చోట ముగ్గుపిండితో గీత గీసేవాడు. ప్రతి ముక్కకీ గంధం, కుంకం. నడి మధ్యలో రెండు పెయింటు డబ్బాలు బోర్లించేవాడు. కుడి పక్క డబ్బా మీద ఆయన కూర్చునేవాడు, డ్రైవరు. ఎడం పక్క డబ్బా మీద మా నాయన. ఇద్దరు పెద్ద మనుషులు, తెల్ల చొక్కాలు వేసుకోని, గాలిలో కూర్చోని నేరుగా ముందుకి చూస్తా ఉంటే, నేను వెనక సీటు చోటులో నేల మీద కూర్చోని బొరుగులు, శనగలు తింటా నగేదాన్ని.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది, బండి వాటి మీద ఎక్కి తొక్కేది, అది కద ఆచారం. మామ నిమ్మకాయలు పెట్టేవాడు, తొక్కించేవాడు కాదు. "కదలని బండికి తొక్కే యోగ్యత లేదు" అని పూజ అయినాక నాలుగూ ఏరి అత్తకి ఇచ్చేవాడు. ఆమె షర్బతు కలిపి అందరికీ పోసేది. తాగతా మామ ఎప్పుడూ ఒకే మాట. "ఇంగ కొంచెమే." గోడ మీద రెండు తలుపులు మాత్రం ఉండిన కాలంలోనూ అదే మాట. పోయిన ఏడాది, ఈ ఏడాది, ఎప్పుడడిగినా ఇంగ కొంచెమే.

ఒక ఆయుధ పూజ నాడు ఆ ఎడం డబ్బా మీద కూర్చోని షర్బతు తాగతానే మా నాయన అన్నాడు. "బావా, నా తర్వాత నా హెరాల్డు నీకే. అప్పుడు ఈ ముక్కలన్నీ తీసేసి వంటింటి గోడ ఇంటామెకి తిరిగి ఇచ్చేయి, గిన్నెలు పెట్టుకుంటుంది." అందరూ నగినారు. నేనూ నగినాను. మాటవరసకి అన్నది కాదని నాకు తెలుసు. నేను విన్నాను. దాన్ని మాత్రం మరిచిపోకండి, ఎందుకంటే నేను మరిచిపోయినట్టు నటించినాను.

నాయన పోయినాడు. బండి మా పెరంబూరు ఇంటి వసారాలో టార్పాలిను కప్పుకోని ఉండిపోయింది. మామ నెలకొకసారి వచ్చి, చక్రాలు తిప్పి, ఆయిలు చూసి, టార్పాలిను కప్పి పోయేవాడు. బండి ఇయ్యి పాపా అని ఒక్క మాట అడగలేదు. నేనూ ఇస్తానని అనలేదు. ఇస్తాం లే, యాడికి పోతుంది అనుకుంటి.

ఆ మధ్య యాడ నుంచి వచ్చిందో పాత బండ్ల మీద మోజు, ఒక్కసారిగా వచ్చిపడింది. ఆదివారం పొద్దున సముద్రం ఒడ్డున వరసగా నిలబెట్టి ఫోటోలు తీసుకునేది, క్లబ్బులంట, ఊరేగింపులంట. ముందు పెద్ద పెద్ద బండ్లకే ఉండిన మోజు, అవి అందకుండా పోయేసరికి మా హెరాల్డు మాదిరి పేదోళ్ళ బండ్ల మీదికి దిగింది. బ్రోకర్లు వీధి వీధి తిరిగి టార్పాలిన్లు ఎత్తి చూసేది. పాత ఇనుము అంగళ్ళోళ్ళు కూడా తెలివి మీరినారు. అప్పటికి మామ గోడ మీద ఒక్కటే తక్కువ. ముందు మూత. హెరాల్డు ముందు మూత అంటే మామూలు బానెట్టు కాదు. మడ్డుగార్డులు, దీపాల గుంటలు అన్నీ కలిసి ముందు భాగమంతా ఒకటే, నోరు తెరిచినట్టు ముందుకి లేస్తుంది. అది దొరికేది గగనమైపోయింది. ఆయన చేతిలో డబ్బు చేరేలోపల ధర ఇంకో మెట్టు ఎక్కేది.

అట్లాంటి సమయంలో ఒక బ్రోకరు వెంట ఒక అబ్బాయి వచ్చినాడు మా ఇంటికి. గుంటూరు పక్కోడు, కంపెనీల రోడ్డులో సాఫ్టువేరు ఉద్యోగం. "నమస్తే అండీ. మా తాతయ్యగారికి ఇలాంటి బండే ఉండేదండీ" అని, బండి చుట్టూ తిరిగి, కండ్లు తుడుచుకున్నాడు. మంచోడే, అబద్ధం చెప్పను. ఎంత ఇస్తాడో చెప్పినాడు. ఆ యేడు మా మిద్దె కారతా ఉండింది. వాన పడితే ఇంట్లో ఆరు గిన్నెలు పెట్టుకునేది. బండేమో వసారాలో పొడిగా పడుకోనుంది, నేను గొడుగేసుకోని నిద్రపోవాలా అనుకున్నాను. ఇదంతా ఇప్పుడు చెప్పే సాకు. ఆశ పడినాను, అంతే. ఆ అంకె చెవిన పడినాక నాయన మాట వినపడలేదు నాకు.

మామకి చెప్పేదానికి పోయినాను. బస్సులో ఎన్ని సమాధానాలు తయారు చేసుకున్నానో. ఆయన ఏమీ అడగలేదు. "మంచి రేటు పాపా. మిద్దె బాగుచేసుకో" అన్నాడు. కొంచెం సేపు ఉలిని అటూ ఇటూ తిప్పి, "బండి పోయే ముందు నాకు మూడు దినాలు ఇయ్యి. తల దువ్వకుండా బిడ్డని ఇస్కూలుకి పంపుతామా?" అన్నాడు.

సరే అన్నాను. బండిని చూలైకి తోలించినాను.

రెండో దినం ఆ బ్రోకరు ఫోను చేసినాడు. "మేడం, జాగర్త. పాత టింకర్లు ఒరిజినల్ మూత మార్చేసి వేరేది బిగించి ఇస్తారు. ఆ తాతకి మూత ఒక్కటే తక్కువని చూలై అంతా తెలుసు." నేను ఏమనాల? మా మామ అట్లాంటోడు కాదు, ఫోను పెట్టెయ్యి అనాల. అనలేదు. తప్పు చేసినోళ్ళకి లోకమంతా దొంగలే. ఇయ్యాల్సింది నేను ఇయ్యలేదు కాబట్టి ఆయనే తీసుకుంటా ఉంటాడని నా పాడు బుద్ధికి తోచింది. ఆటో ఎక్కినాను.

షెడ్డు షట్టరు సగానికి దించి ఉండింది. వంగి లోపలికి పోయినాను. నా బండికి మూత లేదు. మూత విప్పి గోనెసంచుల మీద పెట్టి ఉండాది, మామ దాని మీద వంగి ఏదో చేస్తా ఉండాడు.

"ఏంది మామా ఇది? మూత మార్చేస్తా ఉండావా? నమ్మి ఇస్తే ఇదా నువ్వు చేసేది?"

ఆయన తిరగలేదు. చెవుల్లో దూది. నేను ఇంకా గట్టిగా అరిచినాను, వీధిలో పోయేవాళ్ళు ఆగేటట్టు. అప్పుడు తిరిగి, నన్ను చూసి నగి, నిదానంగా దూది తీసి, "ఏమంటివి పాపా? వినపళ్ళేదు, మళ్ళీ చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాలా? ఆ మాటనే? "మూత ఎందుకు విప్పినావు?" అని మాత్రం అన్నాను, అదీ నీళ్ళు నమిలినట్టు. కానీ నా మొహంలో ఉండేది ఆయన చదివేసినాడు. చెయ్యి పెట్టి చూడనక్కరలేకపోయింది.

"ఇట్ల రా" అన్నాడు. పోయినాను. మూత మీద వరసగా అట్టలు నిలబెట్టి ఉండాయి. ఈ ఊర్లో ప్రతి అంగడోడూ ఇచ్చే దిన క్యాలెండర్లకి వెనక గట్టి అట్ట ఉంటుంది కద, దేవుడి బొమ్మతో, అవి. ఎన్నేండ్లవో. ఒక్కొక్క అట్టని మూత వంపుకి సరిగ్గా అతుక్కునేటట్టు కత్తిరించి, నంబర్లు వేసిండాడు. సరిగ్గా ముప్పై. దేవుడి మొహం తెగకుండా వంపుని పక్కకి జరిపి గీసుకున్నాడు, దానివల్ల ఒక్కొక్క అట్ట ఒక్కొక్క ఆకారం. మురుగడు, వెంకటేశ్వరస్వామి, లక్ష్మి అందరూ మా నాయన బండి మీద వరసగా నిలబడుకోనుండారు.

"బండి నీది పాపా. నేను వంపు మాత్రం తీసుకుంటా ఉండా" అన్నాడు. "వంపు తీసుకుంటే బండికి తరగదు కదా?"

పక్కనుండే పెయింటు డబ్బా మీద కూలబడినాను. "అది మీ నాయన డబ్బానే" అన్నాడు ఆయన, అదేదో శుభవార్త మాదిరి. ఏడ్చేసినాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఉండి, ఒక అట్ట కొన నా చేతికిచ్చి, "పట్టుకో, కదిలించవద్దు" అన్నాడు. చీకటి పడేదాకా పట్టుకున్నాను.

అంతటితో మనసు మారి అమ్మేది మానేసినానా? లేదు. అడ్వాన్సు తీసేసుకోనుంటి. మూడో దినం మూత బిగించి, బండి మెరిసేటట్టు తుడిచి, మామే ఆ అబ్బాయికి అప్పజెప్పినాడు. చలికాలంలో చోకు ఎంత లాగాల, ఏ తలుపు కొంచెం పైకెత్తి వెయ్యాల, అన్నీ చెప్పి పంపినాడు. ఆ అబ్బాయి ఆయన కాళ్ళకి దండం పెట్టినాడు. ఆ బండి ఇప్పుడు ఏదో అపార్టుమెంటు కింద గుడ్డ కప్పుకోని ఉండాది, ఆదివారం మాత్రం బయటికి వస్తుందంట.

ఆ వారం నుంచి డెబ్బై నాలుగేండ్ల మనిషి తన మూత తానే చేసుకుంటానని రేకు కొట్టేదానికి దిగినాడు. ఇసుక మూట మీద రేకు పెట్టి చెక్క సుత్తితో కొట్టి గుంట తీసేది, ఇనుప దిమ్మె మీద సాపు చేసేది, అట్ట ఆనించి చూసేది. ఒక్కొక్క ముక్కా అట్ల చేసి, అన్నిటినీ అతికి వెల్డింగు పెట్టాల. భుజం పట్టేసేది. అత్త వేడినీళ్ళ కాపడం పెడతా తిట్టేది, తిడతా పెట్టేది. నేను ప్రతి ఆదివారం పోయేదాన్ని. ముప్పై యేండ్లు ఇస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని కద, గ్రాఫు కాగితాలు, కంపాసు తీసుకోని పోయినాను. "సుమ్మా ఉండు పాపా, అవన్నీ వద్దు, నువ్వు అట్ట పట్టుకో" అన్నాడు. ఆయన కంట్లో అప్పటికే పొర. అట్టకీ రేకుకీ మధ్య సందుంటే వెలుతురు కనపడుతుంది, అది చూసి చెప్పేది నా పని.

"వెలుతురు కనపడతా ఉందా?"

"గోరంత."

"అయితే మళ్ళీ."

రెండేండ్లు ఇదే మాట మా ఇద్దరికీ. మొదటి మూత అతికినాక ఎడం దీపం గుంట కొంచెం కిందికి దిగింది. కంటికి తెలీదు మామా, వదిలెయ్యి అన్నాను. కండ్లు మూసుకోని తడిమి, ఉలి పెట్టి కోసేసినాడు. రెండోదాన్ని నేను బాగుందంటే ఆయన, ఆయన బాగుందంటే నేను వద్దన్నాము. మూడోది ఒక ఆదివారం సాయంత్రం, మురుగడి అట్ట పెట్టి చూస్తే చీకటి. వెంకటేశ్వరస్వామి అట్ట పెట్టి చూస్తే చీకటి. ముప్పై అట్టలూ పెట్టినాము, ఎక్కడా వెలుతురు లేదు.

ఆ సంగతి బ్రోకరుకి ఎట్ల తెలిసిందో, వారం తిరిగేసరికి వచ్చి కూర్చున్నాడు. చేత్తో కొట్టిన మూత, ఒరిజినల్ కంటే గట్టి అని ఊరంతా చెప్పుకుంటా ఉండారంట. అమ్మితే ఆ డబ్బుతో తాత ఇంకో చిన్న బండి మొత్తంగా కొనుక్కోవచ్చంట.

"తలకాయ అమ్మి చొక్కా కొనుక్కోమంటావా?" అన్నాడు మామ, దూది చెవిలో పెట్టుకుంటా. ఇంగ వాడు ఏం చెప్పినా వినపళ్ళేదు.

ఆ యేడు ఆయుధ పూజకి గోడ ఖాళీ. నెల దినాలు కస్టమరు బండి ఒక్కటీ తీసుకోకుండా, గోడ మీది ముక్కలన్నీ దించి బిగించినాడు. కస్టమర్లు తిట్టుకున్నారు. షెడ్డు నడి మధ్యలో హెరాల్డు నిలబడింది, నెమిలి కంఠం రంగు. నేను పోయేసరికి అరటి పిలకలు, దండలు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు అన్నీ తయారు. వంటింటి గోడ ఖాళీ అయిన సంబరంలో అత్త కొత్త చీర కట్టింది. హారతి అయినాక నేను అలవాటుగా ఎడం పక్కకి పోయి తలుపు తీసినాను. చూస్తే ఆడ మామ కూర్చోనుండాడు.

"అది కాదు మామా, నువ్వు ఆ పక్క."

ఆయన నేరుగా ముందుకి చూస్తా ఉండాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయనకి తోలేది రాదు పాపా" అంది. "ఎప్పుడూ రాదు."

నాకు అప్పుడు వెలిగింది. యాభై యేండ్లు ఊరి బండ్లన్నీ తోయించి లోపలికి తెచ్చుకున్నది ఎందుకో. ఇంజను శబ్దమంట, రేకు మాటంట! పడీ పడీ నగినాను. ఆయనా నగినాడు, బోసి నోరు కనపడేటట్టు. "మీ నాయనకి కూడా తెలీదు, ఎవరికీ చెప్పవద్దు" అన్నాడు. అరిచి చెప్పినాడు కాబట్టి వీధంతా విన్నారు.

తోలేది నాయన నాకు ఎప్పుడో నేర్పించిండాడు, నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. తాళం తిప్పినాను. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. చేపల వాసన. క్లచ్చు మెల్లగా వదిలినాను. చక్రాల కింద నిమ్మకాయలు పటుక్కుమన్నాయి. ఆ శబ్దం ఆయనకి వినపడి ఉండదు. ముందు మూత చేతికి అందక డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, కండ్లు మూసుకోనుండాడు. సందు చివరి దాకా పోయి, మలుపు తిరిగి, మెయిన్ రోడ్డు ఒకసారి చూపించి వచ్చినాము. అంతే మా ప్రయాణం.

షెడ్డు ముందు ఆపినాక ఆయన దిగలేదు. "పాపా, నా తర్వాత ఇది నీకే" అన్నాడు.

"ఆ మాట అనవద్దు మామా!" అని అరిచేసినాను. "మా నాయన నీకు అదే మాట చెప్పినాడు. నేను విన్నాను. విని ఏం చేసినానో నువ్వు చూసినావు కద. అమ్ముకుంటి కద!"

"తెలుసు" అన్నాడు. "అమ్మేది ఎట్లనో నీకు బాగా వచ్చు. ఈ తూరి అమ్మకుండా ఉండేది నేర్చుకో."

ఆ తర్వాత పొంగలి పండగ దాటి రెండు నెలలే ఉండినాడు. నిద్రలోనే పోయినాడు. బండిని అత్తే పట్టుబట్టి మా వసారాకి పంపించింది. దాంతో పాటు ఒక గోనెసంచి. దాన్లో ముప్పై క్యాలెండరు అట్టలు, నంబర్లు చెదరకుండా, దారం కట్టి.

బ్రోకరు నెలకొకసారి ఫోను చేస్తా ఉండాడు. ప్రతిసారీ అంకె పెరుగుతా ఉండాది. ఆశ లేదని చెప్పను, నేనేమీ దేవతని కాదు. ఆ అంకె చెవిన పడ్డ దినం వసారాలోకి పోయి మూత మీద చెయ్యి పెట్టుకోని కొంచెం సేపు నిలబడతాను. తర్వాత లోపలికి వచ్చి అన్నం వండుకుంటాను. నేర్చుకుంటా ఉండాను మామా, నిదానంగా.

మొన్న ఆ ప్రకటన కింద ఉండే రాయపురం ఆయనకి నేనే ఫోను చేసినాను. మూత అమ్ముతారా అమ్మా అన్నాడు, ఆశగా. అమ్మను అన్నాను. మరెందుకు ఫోను చేసినారమ్మా అన్నాడు. "రేకు కొట్టేవాళ్ళు ఎవరైనా తెలుసా?" అంటే, వాళ్ళ తమ్ముడు పడవలకి రేకు పని చేస్తాడంట. "అయితే ఆదివారం ఇద్దరూ రండి, ఇంట్లో ఉండే పాత క్యాలెండర్లు తీసుకోని" అన్నాను.

వచ్చినారు. మామ అట్టల్ని వాళ్ళకి నేను ఇయ్యలేదు, ఇయ్యను కూడా. మూత విప్పి గోనెసంచి మీద పెట్టినాను. మా ఆయన టీ పెట్టినాడు. ఆ రాయపురం ఆయన రెండుసార్లు చేతులు తుడుచుకున్నాడు, ఇంత ధర పలికే సామానుని ఉచితంగా ముట్టుకోనిస్తా ఉండారని. "దీనికి మీకు ఎంత ఇయ్యాలమ్మా?" అన్నాడు.

"వంపు తీసుకుంటే బండికి తరగదు" అన్నాను. "ఆ కొన పట్టుకో, కదిలించవద్దు. వెలుతురు కనపడతా ఉందా?"

వంగి, ఒక కన్ను మూసుకోని చూసినాడు. "కొంచెం కనపడతా ఉందమ్మా."

"అయితే మళ్ళీ" అన్నాను.